కట్ట కుంగిందా, రాయి లేచిందా?

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అంటారు. నేను కట్టినవాటి గురించి చెప్పను. అవి నిలబడే ఉన్నాయి, వాటి సంగతి అవే చెప్పుకుంటాయి. నేను కట్టబోయి, నా చేతులమీదుగా కట్టలేకపోయిన చెరువుకట్ట ఒకటుంది. దాని గురించి చెప్తాను. ఈ కథలో తెలివితక్కువవాణ్ణి నేనే. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో ఎక్కడో నాకు తెలివొస్తుందని ఎదురుచూసి అలిసిపోకండి.

తొంభైల మధ్యలో నేను మదనపల్లెలో అసిస్టెంట్ ఇంజనీరుని. కుప్పం నుంచి బదిలీ మీద వచ్చి ఆర్నెల్లయింది. అక్కణ్ణుంచి పుంగనూరు పోయే దారిలో, రెండు గుట్టల మధ్య అడ్డంగా మట్టికట్ట వేసిన చెరువు ఒకటి ఉండేది. దాని కింద సాగయ్యే భూమి తక్కువ. జనానికి దానిమీద మోజు వేరే. రెండు తొక్కుడు బోట్లు, గట్టున బజ్జీల బండి, ఆదివారం వస్తే పిల్లాజెల్లాతో తిరునాళ్ళే. కొత్తగా పెళ్ళయిన జంటలు ఆ బోట్లో కూర్చుని ఫొటో దిగకపోతే పెళ్ళి పూర్తి కానట్టే లెక్క.

నేను వచ్చేనాటికి అదంతా పాత ముచ్చట. ముందటేడు కార్తీకంలో పట్టిన ముసురుకు కట్ట ఒక కొన తెగి, నీళ్ళు వదిలే తూమూ, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే మొరవా రెండూ కొట్టుకుపోయాయి. చెరువు కడుపులో తుమ్మచెట్లు మొలిచాయి. మేకలు మేస్తుండేవి. బోట్లలో ఒకటి బజ్జీలాయన పెరట్లో కోళ్ళగూడయింది.

మదనపల్లె టమేటా మార్కెట్లో పెద్ద మండీ నడిపే ఒకాయన, ఆ బోటులో ఒకప్పుడు ఫొటో దిగినవాడే, చెరువు తిరిగి నింపాలని పదిమందిని కూడగట్టి సంఘం పెట్టాడు. వాళ్ళు తిరగని ఆఫీసు లేదు. చివరికి పై నుంచి ఉత్తర్వు వచ్చింది: కట్ట మళ్ళీ కట్టడానికీ, విహారానికి వీలుగా చెరువును బాగుచేయడానికీ ప్లాను తయారుచేయండి. మా పై అధికారి ఈఈ గారు ఆ కాగితం నా బల్లమీద పెట్టి, "కుర్రవాడివి, నువ్వైతే కాస్త అందంగా చేస్తావు" అన్నారు.

ఆ 'అందంగా' అన్న మాటే నా కొంప ముంచింది.

కట్ట ఎత్తు, మొరవ వెడల్పు, వరద లెక్క, ఇవన్నీ చేశాను. చేయలేదని కాదు. కానీ నా మనసంతా బోట్లు ఆగే రేవు మీద ఉండేది. మెట్లు, రెయిలింగు, దీపస్తంభాలు, కూర్చోవడానికి సిమెంటు గొడుగులు. డ్రాయింగులో నీళ్ళమీద రెండు బోట్లు గీశాను. ఇంకా ఖాళీ కనిపించింది. బాతులు గీశాను. మొదట మూడు, తర్వాత మరీ తక్కువనిపించి ఏడు.

నా పెన్సిలు డ్రాయింగుని ట్రేసింగ్ కాగితం మీదికి సిరాతో ఎక్కించే పని మా ఆఫీసు ట్రేసరమ్మది. మిషన్ కాంపౌండ్‌లో పుట్టిపెరిగిన మనిషి. ప్రతి ఆదివారం చర్చిలో పాడేది, మిగతా ఆరు రోజులూ పెదవి విప్పేది కాదు. ఆవిడ నా బాతుల్ని ఒక్కొక్కటే శ్రద్ధగా సిరాలో దించి, "ఏడో బాతుకి ముక్కు లేదు సార్, పెట్టమంటారా?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తాను. చెరువు ఎంతవరకూ నిండాలి అన్నది ఇంజనీరు ఇష్టం కాదు. ప్రతి చెరువుకూ పాతకాలపు రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఆ చెరువు రిజిస్టరులో ఇలా ఉంది: కట్ట తూర్పు కొనన, దారిపక్క, బాణం గుర్తు చెక్కిన రాయి ఉన్నది, నిండు నీటి మట్టం ఆ రాయి తలకు నాలుగడుగుల దిగువ. తూమూ మొరవా కొట్టుకుపోయాయి కాబట్టి, ఆ రాయి ఒక్కటే నాకు ఆధారం. వెళ్ళి చూస్తే, తూర్పు కొనన, దారిపక్క, బాణం గుర్తు చెక్కిన రాయి బంగారంలా ఉంది. దాన్ని పట్టుకుని, ఎత్తుపల్లాలు చూసే లెవల్ మిషన్‌తో కొలతలన్నీ తీశాను.

తీస్తే ఒక వింత తేలింది. కట్ట మిగిలిన భాగమంతా రిజిస్టరులో ఉన్నదానికన్నా మూడడుగులు తక్కువ ఎత్తుంది.

మా వర్క్ ఇన్‌స్పెక్టరు రిటైర్మెంటుకు రెండేళ్ళ దూరంలో ఉన్న మనిషి. నేను పుట్టకముందు నుంచీ కట్టలమీద నడిచినవాడు. వక్కాకు దవడకు తోసుకుని అడిగాడు:

"సార్, కట్ట కుంగితే ఒకతావ అరడుగు, ఒకతావ రెండడుగులు కుంగుతాది. ఈ కొననుంచి ఆ కొనదాకా సమంగా మూడడుగులు కుంగుతాదా?"

"ఎన్నేళ్ళనాటి కట్టో! మట్టి కదా" అన్నాను.

"మట్టికి అంత లెక్క తెలుసునా సార్?"

నాకు కోపం వచ్చింది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో మట్టి గురించి ఒక పేపరంతా రాసి పాసైనవాణ్ణి. "మీరు టేపు పట్టుకోండి, లెక్క నేను చూసుకుంటా" అన్నాను. ఆయన టేపు పట్టుకున్నాడు. నేను రిపోర్టులో 'కాలక్రమేణా కట్ట మూడడుగులు కుంగినది, కావున ఆ మేరకు ఎత్తు పెంచవలెను' అని రాశాను. కట్ట కుంగిందని రాశాను కానీ, రాయి లేచి ఉండవచ్చని నాకు తోచలేదు. రాళ్ళు లేవడం ఏ పేపర్లోనూ చదవలేదు.

ప్లాను పైకి వెళ్ళింది. అక్కడ ఎవరూ లెక్కలు చూశారని నేననుకోను. బాతుల్ని చూశారు. "భలే ఉంది" అన్నారట. మంజూరు అయింది. శంకుస్థాపనకు రోజు ఖాయమైంది.

అప్పుడు నాకింకో అందమైన ఆలోచన వచ్చింది. శంకుస్థాపనకు వచ్చే పెద్దలకు చెరువు ఎంత పెద్దగా ఉండబోతుందో కళ్ళకు కట్టాలి. నిండు నీటి మట్టం ఎక్కడిదాకా వస్తుందో చుట్టూరా సున్నంతో గీత వేసి, అక్కడక్కడా జెండాలు పాతితే? ఇంకా అయిదు రోజులుందనగా పొద్దున్నే వర్క్ ఇన్‌స్పెక్టర్నీ, సున్నం చల్లే ఇద్దరు కూలీల్నీ వెంటబెట్టుకుని బయల్దేరాను.

కట్ట దగ్గర్నుంచి గీత బాగానే సాగింది. అవతలి ఒడ్డున పన్నెండిళ్ళ పల్లె ఒకటుంది. నిజం ఒప్పుకోవాలి. రేవు కట్టబోయే చోట అడుగడుగుకీ కొలతలు తీసిన నేను, ఆ పల్లె వైపు మాత్రం ఎండకు ఓర్వలేక దూరంనుంచి చూసి అంచనా వేసి గీశాను. ఇప్పుడు లెవల్ మిషన్ పెట్టి చూసుకుంటూ పోతే, సున్నం గీత ఒక కళ్ళం దాటింది, ఒక ఆవుల కొట్టం దాటింది, మొదటి ఇంటి పెరటి గోడ దగ్గరికి వచ్చి ఆగింది. ఆగలేదు, గోడ అడ్డమొచ్చింది, అంతే.

ఆ ఇంటావిడ నలభై ఏళ్ళ మనిషి. చేతిలో చాట పట్టుకుని బయటికొచ్చింది.

"ఏమప్పా, ముగ్గేస్తాండారా?"

"ముగ్గు కాదమ్మా. చెరువు నిండితే నీళ్ళు ఈడిదాకా వస్తాయని గుర్తు పెడతాండాం."

"ఈడికంటే యాడికి? గోడకి అవతల నా వంటిల్లు ఉండాది."

నేను మిషన్‌లోంచి ఇంకోసారి చూశాను. వంటింటి తలుపు తీసి ఉంది. గీత లోపలికి సాగితే సరిగ్గా పొయ్యి మీదుగా పోతుంది.

"పొయ్యి కాడికి" అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా నాకు సమయం దొరకలేదు.

ఆమె చాట కింద పెట్టింది. "కట్ట తెగిన నాడు నీళ్ళు యాడికి వచ్చె, నీకు తెలుసునా?"

"నేనప్పుడు కుప్పంలో ఉన్నానమ్మా."

"నేను ఈన్నే ఉన్నా. అదో, ఆ కానగసెట్టు మొదుట్లో నిలిచె. దానికి పైన జేనెడు రాలా. రెండు దినాలు పిల్లోళ్ళని ఒళ్ళో పెట్టుకొని ఆ సెట్టునే సూస్తా కూసున్నాం. కట్ట తెగేంత వానకే ఆడ నిలిచిన నీళ్ళు, ఉత్తప్పుడు నా పొయ్యి కాడికి యాల వస్తాయప్పా?"

కానుగచెట్టు నేను నిలబడ్డచోటికి చాలా దిగువన ఉంది. జవాబు లేనప్పుడు మేము అనే మాటొకటి ఉంది, అదే అన్నాను. "లెక్క అట్ల ఉండాదమ్మా."

వర్క్ ఇన్‌స్పెక్టరు అప్పుడు నోరు తెరిచాడు. "అమ్మా, కట్ట కొనన దావపక్క బాణం గుర్తు రాయి ఉండాదే, దాన్ని ఎరుగుదువా?"

"బస్సు నిలిచే కాడ రాయా? ఎరగకేమి, మా మామ నాటింది గదా!"

ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "మునుపు అది దిగువ పాతదావ పక్కన ఉండె. పైన కొత్తరోడ్డు వేసి బస్సు పడినంక, ముసలోళ్ళు కూసునేదానికి ఏమీ లేదని మా మామ దాన్ని పెరికి, ఎద్దులబండిలో ఎక్కించి, మెరకలో నాటినాడు. సర్కారు గుర్తు గదా, తలకిందులు కాకూడదని బాణాన్ని పైకే పెట్టినాడు. శానా మర్యాద తెలిసిన మనిషిలే."

వర్క్ ఇన్‌స్పెక్టరు నావైపు చూడలేదు. అదే ఆయన మర్యాద.

పాతదారి పక్కన ఆ రాయి పెరికిన గుంత ఇంకా ఉంది. దాని అంచుకూ, పైన రాయి నాటిన నేలకూ తేడా కొలిచాం. మూడడుగులు. రాయి పైకెక్కిన మేరకు నా నీటి గీతా పైకెక్కింది, కట్ట ఎక్కడా కుంగలేదు. అన్నేళ్ళుగా నిజాయితీగా తన ఎత్తున తాను నిలబడే ఉంది.

మంచి ఇంజనీరైతే ఆ క్షణంలోనే జీపెక్కి ఆఫీసుకు పోయి తప్పు చెప్పేవాడు. నేనూ జీపెక్కాను. దారి పొడుగునా నాకు తోచిందేమిటంటే, మంజూరైన ప్లాను మార్చడం కన్నా పల్లెను మార్చడం సులభం. పన్నెండిళ్ళే కదా. 'పరిశీలనలో పన్నెండు ఇళ్ళు ముంపు కింద వచ్చుచున్నట్లు తేలినది, నివాసులను వేరొక చోటికి తరలించవలెను' అని ఒక నోటు రాస్తే చాలు. కూలీలను నేను లెక్కలోకి తీసుకోలేదు, రాయి సంగతి తెలిసింది ముగ్గురికి. ఆమె మాట ఆఫీసుదాకా రాదు. ఇన్‌స్పెక్టరు మాట్లాడడు. మూడోవాణ్ణి నేను.

నోటు రాశాను. చాలా మంచి భాషలో రాశాను. ముంపు ప్రాంతం ప్లానులో చూపించాలి కాబట్టి, ఆ పన్నెండిళ్ళ మీద అడ్డగీతలు వేయమని ట్రేసరమ్మకు ఇచ్చాను.

ఆవిడ పెన్ను పట్టుకుని కూర్చుంది. గంటైనా గీయలేదు. వెళ్ళి అడిగాను.

"ఈ ఇళ్ళు ఇంతకుముందు ముంపులో లేవు కద సార్?"

"ఇప్పుడు తేలాయి."

"ఎట్లా తేలాయి?"

ఇన్నాళ్ళలో ఆవిడ నన్ను వరసగా రెండు ప్రశ్నలు అడగడం అదే మొదటిసారి. నేను ఏదో చెప్పబోయాను. ఆవిడ నెమ్మదిగా అంది: "బాతులు గీసేటప్పుడు నవ్వొచ్చింది సార్, మీకు చెప్పలేదు. ఇది గీయాలంటే చెయ్యి రావడంలేదు. గీయమని ఆర్డరైతే గీస్తాను. కానీ ఒక్కసారి చెప్పండి, నిజంగానే మునుగుతాయా?"

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్నకు 'అవును' అనడానికి నేను నోరు తెరిచాననే గుర్తు. అనలేకపోయాను. అది ధైర్యం కాదు పిల్లలూ. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తూ ఉంది, అంతే. ఆ చూపు లేకుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు.

నోటు చించి ఈఈ గారి గదిలోకి వెళ్ళాను. రాయి కథ మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అయితే కట్ట కుంగలేదు."

"లేదు సార్."

"రాయి లేచింది."

"అవును సార్."

"నేను సంతకం పెట్టాను."

"అవును సార్."

"లెక్కలు చూడకుండా నీ బాతుల్ని చూసి సంతకం పెట్టాను." ఇంక్‌స్టాండు నామీదికి విసురుతారేమో అనుకున్నాను. ఆయన విసిరింది అంతకన్నా బరువైనది. "శంకుస్థాపన ఆగదు, అందరికీ చెప్పేశారు. మొరవ మూడడుగులు దించి ప్లాను మార్చు. చెరువు ఎందుకు చిన్నదవుతుందో ఆరోజు నువ్వే చెప్పు. మైకులో."

ఆ అయిదు రోజులూ నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ మజ్జిగ కలిపి పెడితే దాన్నీ లెక్కలా కలియబెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

శంకుస్థాపనకు షామియానా వేశారు. మదనపల్లె నుంచీ పుంగనూరు నుంచీ జనం వచ్చారు. మండీ ఆయన నా పాత డ్రాయింగుని సినిమా పోస్టరంత చేయించి వేదిక వెనక కట్టించాడు. దానిముందు నిలబడి, అది తప్పని నేను చెప్పాలి. నా వీపు వెనక ఏడు బాతులు.

మైకు పట్టుకున్నాను. రాయి గురించి చెప్పాను. కట్ట కుంగలేదని చెప్పాను. నీళ్ళు మూడడుగులు తగ్గించి నిలుపుతామని, చెరువు అనుకున్నంత పెద్దగా ఉండదని చెప్పాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకేసారి అందరికీ అర్థమైంది.

మండీ ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే ఏమి సార్, మూడడుగులు తగ్గితే మీరు గీసిన రేవు యాడుంటాది? నీళ్ళలోనా, గట్టుమీదనా?"

"గట్టుమీదండీ" అన్నాను. "దాన్నీ మార్చాలి."

"ఇంతకాలం ఏమి సేస్తాంటిరి మరి?"

వెనకనుంచి ఎవరో అరిచారు. "బాతులు గీస్తా ఉన్నాడప్పా!"

షామియానా అదిరేలా నవ్వారు. వేదిక మీది పెద్దలు కూడా కండువాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. మా ఈఈ గారు ఎప్పుడూ నవ్వని మనిషి, ఆయనా తలవంచుకుని భుజాలు కదిలించారు. పల్లెవాళ్ళు ఒక పక్కగా నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వలేదు. ఆ ఇంటావిడ అక్కణ్ణుంచే గట్టిగా అడిగింది.

"సున్నం గీత మళ్ళా గీస్తారా?"

"గీస్తామమ్మా. కానుగచెట్టుకు దిగువన."

"నేను ఉండేటప్పుడు గీయండి. నేను సూడల్ల."

మర్నాడే వెళ్ళి గీశాం. ఆమె మాతోపాటు అడుగడుక్కీ నడిచింది. ఒకచోట గీత నాలుగు వేళ్ళు పైకి పోయిందని చెరిపించింది. ఆమె చెప్పిందే సరిగ్గా ఉంది.

ఆ తర్వాత నాకు చార్జి మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఎక్కణ్ణుంచి వచ్చానో అక్కడికే, కుప్పానికే బదిలీ చేశారు. ట్రేసరమ్మ వీడ్కోలు రోజున చేతిలో ఒక కేకు పొట్లం పెట్టి, "మంచి డ్రాయింగు సార్ అది, లెక్కలు తప్ప" అంది. కుప్పం బస్సు దిగేసరికి నాకన్నా ముందే నా పేరు దిగింది. ఆఫీసు ముందు టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ, "బాతుల సారంటే మీరేనా?" అన్నాడు. రిటైరయ్యేదాకా ఆ పేరు నన్ను వదల్లేదు.

కట్టను నా తర్వాత వచ్చిన కుర్రవాడు కట్టాడు. బాగా కట్టాడు. కానీ వానలు లేవు. నాలుగైదేళ్ళు అది ఉత్త కట్టగానే ఉంది. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు మంచి వానలు పడ్డాయి. చెరువు నిండి మొరవ పారుతోందని విన్నాను. మా ఆవిణ్ణి తీసుకుని ఒక ఆదివారం పొద్దున కుప్పం నుంచి బయల్దేరి, పలమనేరులోనూ పుంగనూరులోనూ బస్సులు మారి వెళ్ళాను. నేనెవరో చెప్పుకోలేదు. టికెట్టు కొని తెడ్డు బోటెక్కాం.

చెరువు మధ్యలో బాగానే ఉంది. అవతలి ఒడ్డు దగ్గర పడేసరికి బోటు అడుగు బురదకు తగిలి నిలిచిపోయింది. బోటు నడిపేవాడు తెడ్డుతో ఎంత పొడిచినా కదల్లేదు. విసుక్కున్నాడు.

"ఈడ లోతు లేదు సామీ. మునుపు ఎవురో ఇంజనీరు మూడడుగులు తగ్గించేసినాడంట. సదువుకున్న గాడిద."

నేను గుట్టలవైపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "ఆ గాడిద బరువే ఇప్పుడు నీ బోటు మీద ఉండాది నాయనా. దిగమని చెప్పు."

వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తెడ్డు జారవిడిచాడు. నేను చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి దిగాను. మోకాలిదాకా బురద. బోటు వెనక చేరి తోశాను. కదల్లేదు. ఇంకోసారి తోశాను, ఇంకాస్త దిగబడింది.

ఒడ్డుమీద నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది. "ఆ పక్కన కాదప్పా! ఆడ బురద. ఈ పక్కకి వచ్చి తొయ్యి!"

తలెత్తి చూశాను. జుట్టు నెరిసింది కానీ ఆమే. ఇంటిముందు నిలబడి చేత్తో పక్క చూపిస్తోంది. వెనక వంటింట్లోంచి పొగ లేస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు.

ఈసారి ఎదురు చెప్పలేదు. ఆమె చూపించిన పక్కకు వెళ్ళి తోశాను. బోటు కదిలింది.